మిరప ఘాటేలెండి

తాచు మెడ వెనక ఒడుపుగా పట్టుకుని, గాజుగిన్నె మీద బిగించిన పల్చటి పొర దగ్గరికి దాని నోరు తెచ్చాడు సుభానీ. అది కసిగా కరిచింది. గిన్నె లోపల లేత పసుపు చుక్కలు రెండు జారాయి. బొటనవేలితో దవడ పక్కన మెత్తగా నొక్కితే ఇంకో చుక్క దిగింది. "చాల్లే తల్లీ, పో" అని దాన్ని డబ్బాలోకి వదిలి, మూత బిగించాకే తుమ్మాడు. ఒకటి కాదు, ఏడు. పాము చేతిలో ఉండగా తుమ్మకూడదన్నది అతను పెట్టుకున్న నియమం.

యాభై రెండేళ్ల మనిషి. పొట్టి, కానీ భుజాలు వెడల్పు. గుంటూరు మిర్చియార్డులో పద్దెనిమిదేళ్లు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోసిన భుజాలవి. సాయంత్రం అతని తువ్వాలు పిండితే ఎర్రటి నీళ్లు దిగేవి. అక్కడ అతన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. "ఒరేయ్, రా ఇటు" అంటే ఎవరు దగ్గరుంటే వాళ్లు వెళ్లాల్సిందే. ఒకసారి గోడౌన్‌లో దూరిన తాచును కర్రతో, గోనెసంచితో పట్టాడన్న మాట ఆ నోటా ఈ నోటా పడి, ఏటుకూరు రోడ్డులోని ఈ పరిశోధనశాలకు చేరింది. పదకొండేళ్లుగా ఇక్కడ అతను సుభానీ గారు. ఆ గారు కోసం తాచేం ఖర్మ, కొండచిలువనైనా పడతాడు.

తాచు విషంలో ఒక భాగం నొప్పి తెలియకుండా చేస్తుందట. క్యాన్సర్ రోగులకు దాన్నుంచి మందు తీయాలని డాక్టర్ శ్రీరమ్య తంటాలు పడుతోంది. ప్రాణం తీసేదే బాధ కూడా తీస్తుందన్న సంగతి సుభానీకి తెగ నచ్చింది. యార్డులో తొడిమలు తీసే భార్య ఖాదర్‌బీకి అది వందసార్లు చెప్పి విసిగించాడు.

ఆ పొద్దున అన్నం డబ్బా చేతికిస్తూ ఆమె అడగనే అడిగింది.

"యార్డుకు వేసవి సెలవులిచ్చి పన్నెండు రోజులైందయ్యా. నాకే తుమ్ములు ఆగినయ్. నీకేంది ఇంకా?"

"పాత ఘాటు. అంత తొందరగా పోద్దా?"

"ఛాతీలో పిల్లికూతలొస్తన్నయ్. మేడంకి చెప్పు."

"చెప్తాలే."

చెప్పడని ఇద్దరికీ తెలుసు.

ఆరిన విషం చక్కెరలా పసుపు పలుకులవుతుంది. బ్లేడుతో గీకి సీసాలోకి దించేటప్పుడు సన్నటి పొడి లేస్తుంది. ఆ పొడి ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఒంటికి పడకుండా పోతుందని, ఆ తర్వాత ఇసుమంత తగిలినా ఊపిరి ఆగొచ్చని అతను చేరిన రోజే శ్రీరమ్య చెప్పింది. పడనివాళ్లను ఈ గదిలోంచి తీసి గేటు దగ్గర కాపలాకు వేస్తాననీ చెప్పింది. సుభానీ మనసులో నాటుకున్నది ఆ రెండో మాటే. ఆమె ఇచ్చిన మాస్కులు కళ్లజోడుకు ఆవిరి పట్టిస్తున్నాయని మేకుకు తగిలించి, యార్డు రోజుల్లోలాగే ముక్కుకు తెల్ల తువ్వాలు చుట్టుకునేవాడు. టిక్కీల దుమ్మును ఆపిన తువ్వాలు ఈ చిటికెడు పొడిని ఆపలేదా అని అతని ధీమా.

పదకొండింటికి శ్రీరమ్య వచ్చింది. రోజూ మంగళగిరి నుంచి కారు అద్దాలు బిగించుకుని వచ్చే మనిషి. అతని ఎర్రటి కళ్లు చూసి ఆగింది.

"మళ్లీ తుమ్ములా సుభానీ గారూ? ఒకసారి పరీక్ష చేయిద్దామా?"

"మిరప ఘాటేలెండి మేడం. పక్కనే యార్డు కదండీ. గుంటూర్లో తుమ్మనోడెవడండీ?"

ఆమె నవ్వి, మీటింగుకు టైమైందని మళ్లీ కారెక్కింది.

సీసాలకు పేర్లు అంటిస్తున్న అసిస్టెంటు జయపాల్ తలెత్తి చూశాడు. అతనిది ఏటుకూరే. యార్డు మూసి ఉందని అతనికి తెలియకేం. చెబితే అన్న గేటు పాలవుతాడు, చెప్పకపోతే ఏమవుతాడో. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"ఏరా?" అన్నాడు సుభానీ.

"ఏం లేదన్నా" అని జయపాల్ తల దించుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం తిని, తువ్వాలు చుట్టుకుని సుభానీ గీకడానికి కూర్చున్నాడు. మూడో గిన్నె దగ్గర అరచేతులు దురద పెట్టాయి. పెదాలు మొద్దుబారాయి. గాలి కోసం తువ్వాలు కిందికి లాగాడు. జయపాల్ ఆరడుగుల దూరంలోనే ఉన్నాడు. పిలిస్తే రేపటి నుంచి గేటు. ఎప్పుడూ తగ్గేదే, ఇప్పుడూ తగ్గుతుందిలే అనుకున్నాడు. ఒక్క పలుకు కింద పడకుండా సీసా నింపి మూత బిగించాడు. ఆ తర్వాతే స్టూలు మీంచి ఒరిగాడు.

జయపాల్ పరుగున వచ్చి, గోడ మీద రాసి ఉన్న పాముకాటు సూచనల ప్రకారం కాటు కోసం వెతికాడు. వేళ్ల సందులు చూశాడు, పాదాలు చూశాడు, చొక్కా విప్పి వీపు చూశాడు. "ఎక్కడ కరిచిందన్నా? ఎక్కడ?" సుభానీ తల అడ్డంగా ఊపాడు. గొంతు పెగల్లేదు. ఊపిరి ఆడనప్పుడు పొడవాల్సిన సూది అల్మరాలోనే ఉంది. కాటు వెతుకులాటలో పడ్డ జయపాల్‌కు అది తట్టలేదు. ఆటోలో ఆస్పత్రికి చేర్చాక డాక్టరు కూడా మొదట అడిగింది కాటెక్కడ అనే. అప్పటికి సుభానీ పోయాడు.

మట్టి చేసిన మర్నాడు సుభానీ కళ్లజోడు, అన్నం డబ్బా, తువ్వాలు ఒక కవర్లో పెట్టి జయపాల్ ఇంటికి తెచ్చిచ్చాడు.

"యార్డు మూసుందని నాకు తెలుసు వదినా. మేడంకి చెప్పలా."

"నాకూ తెలుసుగా అబ్బాయ్" అంది ఖాదర్‌బీ.

అతను వెళ్లాక, చేతులు ఊరుకోక, ఆమె తువ్వాలు బకెట్లో నానేసింది. పొద్దు వాలేదాకా దాని పక్కనే కూర్చుని చూసింది. తువ్వాలు తెల్లగా తేలుతూనే ఉంది, నీళ్లలో ఎరుపు జాడ లేదు.