బిగిసిన తాడు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు సముద్రంలో వేట బాగా పడిపోయింది. దివిసీమలో కృష్ణ ఒడ్డున పెద్ద ఆఫీసు కడుతున్నారని, అక్కడ పని దొరుకుతుందని మా మరిది నాంచారయ్య కబురు తెచ్చాడు. మా ఆయన, నేను, మరిది ముగ్గురం బందరు నుంచి మూట సర్దుకుని వచ్చిపడ్డాం. చేపలమ్ముకునే దాన్ని ఇసుక తట్టలు మొయ్యమంటే ఒళ్లు మండదా? నాకు మొదటి రోజు నుంచే మండింది.

అక్కడంతా ఇసుక నేల. మామూలు పునాది నిలవదని నూతులు దింపుతున్నారు. గుండ్రంగా ఇటుకతో నుయ్యి కట్టి లోపల ఇసుక తోడేస్తుంటే, గోడ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. పైన మళ్లీ కడతారు, లోపల మళ్లీ తోడతారు. గట్టి నేల తగిలేదాకా ఇదే పని. ఏటివైపు నూతిలో మాత్రం ఇంజను పెట్టి తోడినా నీళ్లు తగ్గలేదు. మునిగి పనిచేసేవాళ్లు కావాలన్నారు మేస్త్రీ ధర్మారావు గారు. మా ఆయన ఛాతీ విరుచుకుని ముందుకు నడిచాడు. ఆ ఛాతీ మీద ఒక్కటిద్దామనిపించింది నాకు.

ఆయన నడుముకు తాడు కట్టుకుని దిగేవాడు. పైన తాడు పట్టేది మరిది. "తాడు బిగిసిందంటే వెంటనే లాగెయ్యాలి, తెలిసిందా? నూతి పనిలో ఇదొక్కటే రూలు" అన్నారు మేస్త్రీ గారు. మరిది తలూపాడు. వాడు తలూపడం నాకు కొత్తా? పడవలో పెరిగినవాడు. సముద్రంలో పెద్ద చేప పడి గాలం తాడు బిగుసుకుంటే ముందు వదులుతారు, సడలాకే లాగుతారు. లేకపోతే తాడూ తెగుతుంది, చేపా పోతుంది. ఆ చేతులు మేస్త్రీ మాట వింటాయా అని నాకు అనుమానమే.

ఒక రోజు నుయ్యి పక్కకు ఒరిగింది. ఏ వరదలోనో కొట్టుకొచ్చి పాతుకుపోయిన చెట్టు మొద్దు గోడ అడుగున అడ్డంపడింది. దాని కింద ఇసుక తీస్తే గోడ దిగుతుందన్నాడు మా ఆయన.

"ఈ ఒక్క మునకే. బువ్వ వడ్డించి ఉంచు మాలచ్చీ."

"వచ్చాకే వడ్డిస్తాలే. దిగు ముందు" అన్నాను.

దిగాడు. నేను నూతి గోడ పక్కన నిలబడి నీళ్లే చూస్తున్నాను. బుడగలు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. గోడ కిర్రుమని కదిలింది. మరిది చేతిలో తాడు ఒక్కసారి బిగిసింది.

"లాగరా" అన్నాను.

వాడు లాగలేదు. తాడు వదులుతున్నాడు.

"ఒరే, లోపలున్నది మీ అన్నరా, చేప కాదు. లాగరా."

"ఆగు వదినా."

మేస్త్రీ గారు పరుగెత్తుకొచ్చి లాగమని అరుస్తున్నారు. నేను తాడు మీద పడ్డాను. వాడు భుజంతో నెట్టేశాడు. నా పసుపు కుంకుమలు నీళ్లలో ఉంటే నన్ను నెడతాడా? వాడి ముంజేయి పట్టుకుని కొరికేశాను. నోటికి రక్తం తగిలింది. వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు గానీ తాడు వదలడం మానలేదు.

అప్పుడు అవతలి పక్కన నీళ్లు చీల్చుకుని మా ఆయన తల పైకొచ్చింది. నలుగురు పట్టి గట్టుకు చేర్చారు. చాలాసేపు దగ్గి, మాట్లాడాడు.

"తాడు మొద్దు చుట్టూ తిరిగిపోయింది. వదిలాడు గనక తిప్పుకుని వచ్చాను."

"లాగుంటే?" అన్నాను.

"మొద్దుకి అతుక్కుపోయేవాణ్ణి."

మేస్త్రీ గారు ఇటుకల మీద కూలబడ్డారు.

ఆ పూట, ఎప్పుడూ మా ఆయనకే వేసే చేప తలకాయ మరిది కంచంలో వేశాను.

"చెయ్యి కొరికి చేప పెడతావేంటి వదినా" అన్నాడు వాడు.

"నోరుమూసుకుని తిను. రేపు మళ్లీ అలా జరిగినా కొరుకుతాను" అన్నాను.

పొద్దున్నకి వాడి చెయ్యి వాచింది. వేళ్లు ముడవడం లేదు. మొద్దేమో ఇంకా అడ్డంగానే ఉంది. మా ఆయన నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నేనా?" అన్నాను.

"వాడి చెయ్యి పాడుచేసింది ఎవరు? నువ్వే పట్టుకో."

మునిగాడు. మరిది నా పక్కనే నిలబడ్డాడు. బుడగలు ఆగాయి. తాడు బిగిసింది. ఒళ్లంతా లాగమంటోంది. పళ్లు కరుచుకుని ఒక మూర వదిలాను. ఇంకా బిగుసుకుంటే ఇంకో మూర వదిలాను. నేనే నా మొగుణ్ణి నీళ్లలోకి తోసేస్తున్నట్టుంది. తాడు సడలింది.

పైకొచ్చి, నా మొహం చూసి నవ్వబోయాడు. ఆ తడి ఛాతీ మీద ఒక్కటిచ్చి, అక్కడే కూర్చుని ఏడ్చాను.