బావ అమ్మిన తొట్టి అడుగున

స్కూలు బస్సు నడిపే మనిషికి స్టీరింగు ఎంత ముఖ్యమో గొంతూ అంతే ముఖ్యం. వెనక అంతమంది పిల్లలు కొట్టుకు చస్తుంటే, రోడ్డు మీంచి కన్ను తిప్పకుండా వాళ్ళని సీట్లలో కూర్చోబెట్టాలంటే ఆ మాత్రం అరవాల్సిందే. అందుకే పిల్లలు ఆమెకి సైరన్ అని పేరు పెట్టారు. ఆ పేరు బస్సు దిగి ఇంటిదాకా వచ్చింది, చుట్టాలందరికీ అలవాటైంది. ఆవిడా వద్దనలేదు. అయినా ఉన్న మాటేగా!

శనివారం ఒంటిపూట బడి. పిల్లల్ని దింపి, సీట్ల కింద బిస్కెట్ల పొడి ఊడ్చి, తాళాలు ఆఫీసులో ఇచ్చి ఆమె ఇల్లు చేరేసరికి కూలీలు తొట్టి తెచ్చి హాల్లో పెట్టి వెళ్ళిపోయారు. బావ అమ్మిన ఉప్పునీటి తొట్టి. రెండు నారింజరంగు చేపలు పక్కన బకెట్లో పాత నీళ్ళతోనే ఉన్నాయి, గాలి గొట్టం బుడబుడమంటోంది.

ఆ సాయంత్రమే అక్కా బావా ఊరు మారిపోతున్నారు. బావకి బదిలీ. ఎవరో చేసింది కాదు, ఆయన అడిగి వేయించుకున్నదే. దానికోసం అక్క కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం మానెయ్యాలి. అదీ ఎప్పుడు? యజమాని రెండో దుకాణం తెరుస్తూ, దాన్ని పూర్తిగా నువ్వే చూసుకోమ్మా అన్నాక! సైరన్ ఎన్నిసార్లు గుచ్చి గుచ్చి అడిగినా అక్కది ఒకటే జవాబు. “ఆయన అన్నీ ఆలోచించే చేస్తారులే.” ఆ చివర ‘లే’ వింటే సైరన్‌కి ఒళ్ళు మండిపోయేది.

ఉప్పునీటి తొట్టి ఉన్న ఇంట్లో మాటలు ఇసకలోకి దిగి దాని రంగు మారుస్తాయి. ఎవరింట్లోనైనా అంతే. అందుకే పాత తొట్టి కొనేవాళ్ళు ముందు ఇసక చూస్తారు, చేపల్ని తర్వాత చూస్తారు. బేరం రోజున బావ లైటు వేసి మరీ చూపించాడు. “చూసుకో మరదలా, పంచదారలా ఉంది. మా ఇంట్లో గొంతన్నది లేవదు.” నిజమే, బావ గొంతు ఎన్నడూ లేవదు. ఆ తెల్లటి ఇసక చూసి సైరన్ కాస్త సిగ్గుపడింది కూడా. అనవసరంగా ఈ మనిషి మీద ఏడుస్తున్నాను కాబోలు అనుకుంది.

ఇప్పుడు చూస్తే దారిలో కుదుపులకి ఇసక ఒక పక్కకి జరిగింది. జరిగినచోట ఏదో మాసినట్టు కనిపించింది. తొట్టి అడుగున అద్దం చుట్టూ అంటించిన పట్టీని గోటితో పట్టి లాగింది. పైన వేలెడు మందాన తెలుపు. దాని కింద గోధుమరంగు చార. ఆ కింద, అట్టడుగు దాకా, నలుపు. వేలు పెట్టి కెలికితే కుళ్ళిన గుడ్ల కంపు గుప్పుమంది.

“దొంగ సచ్చినోడా!” అంది, బావ అని కూడా చూడకుండా. వెంటనే చేపల దుకాణాయనకి ఫోను కొట్టింది.

“పైన కొత్త ఇసక చల్లి అంటగట్టాడామ్మా? అందరూ చేసే పనే అది,” అన్నాడాయన. “గోధుమరంగుకి భయం లేదు, అది పైకి అన్న మాట. కడిగితే పోతుంది. నలుపు అనకుండా మింగిన మాట. అది కదిలిందా, నీళ్ళు విషం, చేపలు తేలిపోతాయి. మొత్తం ఎత్తి పారేసి కొత్తది పోసుకోండి.”

“ఎవరు మింగిన మాట?”

“కడిగితే వినిపిస్తుంది. ఆ కంపుకి ఎవరూ కడగరు. అయినా వాళ్ళ ఇంటి గొడవ మనకెందుకమ్మా?”

“మనకెందుకా!” అని ఒక్క అరుపు అరిచి ఫోను పెట్టేసింది.

ఇసకంతా పొరలు కలవకుండా రెండు బకెట్లలోకి తోడి, వాకిట్లో కుళాయి కిందకి ఈడ్చుకెళ్ళింది. ముందు గోధుమరంగు కడిగింది. నీళ్ళు పడగానే బుడగలు లేచాయి, ఒక్కో బుడగ పగిలినప్పుడల్లా బావ గొంతు. నెమ్మదిగా, మర్యాదగా. “కూర బాలేదు. పోనీలే, నీకెప్పుడు కుదిరింది గనక.” “జీతం పడిందా? కార్డు ఇటిచ్చెయ్.” “మీ చెల్లితో ఇంతసేపు ఏం మాటలు?” “నువ్వు దుకాణం నడపడమేంటి, నవ్వుతారు.” ఒక్కటంటే ఒక్కటి అరుపు లేదు. అరిచినా బాగుండేదనిపించింది సైరన్‌కి. అరిస్తే నాలుగిళ్ళకి వినిపించేది, ఎవరో ఒకరు తలుపు కొట్టేవారు.

తర్వాత నలుపు. మొదటి గుప్పెడు నీళ్ళలో వెయ్యగానే అక్క గొంతు.

“నేను రాను.”

రెండో గుప్పెడు. “నేను రాను.” మూడోది. “ఆ ఊరు నాకొద్దు, నేను రాను.” ఇంకా లోపల్నుంచి తీస్తే, “ఆ కార్డు నాది.” “జ్వరంగా ఉంది, ఇవాళ వంట మీరు చేసుకోండి.” “నన్ను చూసి ఎవరూ నవ్వరు, మీరొక్కరే నవ్వుతారు.”

 కోపంతో సైరన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని అక్క వచ్చింది. చెల్లికి చెప్పి వెళ్దామని ముందుగా వచ్చింది, బావ లారీతో వెనకే వచ్చి ఎక్కించుకుంటానన్నాడట. వాకిట్లో బకెట్లు చూసి అక్కడే నిలబడిపోయింది.

“ఏంటే ఇది?” సైరన్ విరుచుకుపడింది. “ఇన్నేళ్ళుగా ఇన్ని మింగి కూర్చున్నావా? నేను చచ్చానా? ప్రతి వారం ఎలా ఉన్నావే అంటే బాగున్నా బాగున్నా అని చిలకలా... నాతో చెప్పడానికేం రోగం? నేను నీకేమీ కానా? వాడి పీక...”

“చెల్లీ, ఒక్కసారి నోరు మూసుకుని నా మాట విను,” అంది అక్క గొంతు.

అక్క పెదవులు కదల్లేదు. మాట బకెట్లోంచి వచ్చింది.

 ఆ నలుపులో తన వాటా కూడా ఉంటుందని సైరన్ కలలో కూడా అనుకోలేదు.

“చెప్దామనే వచ్చేదాన్ని,” అంది అక్క, ఈసారి తనే. “నేను సగం చెప్పేలోపు నువ్వు ఆయన మీద చిందులు తొక్కేదానివి. ఇంక నిన్ను ఊరుకోబెట్టడమే నా పని అయ్యేది. అదయ్యాక నాది చెప్పే ఓపిక ఉండేది కాదు.”

సైరన్ పక్కకి జరిగి బకెట్టు ముందు చోటిచ్చింది. అక్క చీర కుచ్చిళ్ళు పైకి దోపి, గొంతుక్కూర్చుని, చెయ్యి ఇసకలో పెట్టింది. ఒక్కో బుడగ పగులుతోంది, అది అన్న మాటే అక్క మళ్ళీ అంటోంది. మొదట గొణిగింది. తర్వాత మామూలుగా అంది. ఒకచోట ఆగి, “ఇది ఇంకా గట్టిగా అనుకున్నా,” అని, గట్టిగా అంది. కడిగిన ఇసక చేతిలో తెల్లబడుతోంది.

లారీ హారన్ మోగింది. బావ దిగి లోపలికొచ్చాడు. బకెట్లు చూశాడు, మరదల్నీ పెళ్ళాన్నీ చూశాడు. “నల్ల ఇసక కదిపారా? చేపలు చస్తాయి, తెలుసా?” అన్నాడు నెమ్మదిగా. “సరేలే, పద. ఆలస్యమవుతోంది.”

“నేను రాను,” అంది అక్క.

ఆయన ఆమె వైపు కాదు, సైరన్ వైపు తిరిగాడు. “ఇదంతా నువ్వు నూరిపోసిందేగా?”

సైరన్ నాలుక చివర ఎన్ని తిట్లున్నాయో చెప్పలేం. పళ్ళు బిగబట్టింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. మొహం ఎర్రగా కందిపోయింది గానీ మాట మాత్రం బయటికి రానివ్వలేదు.

“దాన్నెందుకు చూస్తారు? అన్నది నేను,” అంది అక్క లేచి నిలబడుతూ.

“సరే. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం.”

“ఏ ఇంటికి? పొద్దున్నే తాళాలిచ్చేశారుగా!” చేతులు చీరకి తుడుచుకుని గేటు దాకా నడిచింది. “డ్రైవరుగారూ, ఆ నీలం సూట్‌కేసు నాది. దించండి.”

డ్రైవరు బావ వంక చూశాడు.

“ఆయన్ని కాదు, నన్ను చూడండి. దించండి!”

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ చేతిలో క్లిప్పు చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది. సూట్‌కేసు దిగింది.

“నలుగురూ చూస్తున్నారు,” అన్నాడు బావ గొంతు ఇంకా తగ్గించి.

“చూడనివ్వండి. సోమవారం నుంచి కొత్త దుకాణం నేనే తెరుస్తున్నాను, వాళ్ళకీ తెలియాలిగా. నా కార్డు ఇటివ్వండి.”

బావ జేబులోంచి పర్సు తీశాడు. కార్డు సూట్‌కేసు మీద పడేసి, గబగబా లారీ వైపు నడిచాడు. మెట్టు మీద కాలు పెట్టాడు.

“ఎక్కడికి? ఆగండి,” అంది అక్క. “నేనింకా సగం కూడా అనలేదు.”