కోక కప్పిన కార్డు

నాకు ముక్కు మీదే కోపం. కిరండూల్ బజారులో మా ఫోటో స్టూడియోకి వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ ఆదివారం చాలాసేపు నోరు అదుపులో పెట్టుకున్నాను. ఎందుకంటే ఎదురుగా కూర్చున్నది మా ఆడపడుచు భర్త రామ్మూర్తి అన్నయ్య. ఆయన తేల్చాల్సింది శిరీష పెళ్ళి వీడియో సంగతి.

శిరీష ఆయన కూతురు. పాలపళ్ళు ఊడినప్పటి నుంచి దాని ఫోటోలన్నీ నేనే తీశాను. దాని పెళ్ళి వీడియో ఇంకొకరు తీస్తారన్న ఆలోచనే నాకు రాలేదు. కానీ మగపెళ్ళివారిది జగదల్‌పూర్. అక్కడ ఇప్పుడు కొత్త మోజు పట్టుకుంది. పొద్దున పెళ్ళయితే సాయంత్రం విందులోనే ఆ పెళ్ళి సినిమా తెర మీద ఆడాలట. అక్కడి స్టూడియో వాళ్ళు అలా చేసి చూపిస్తున్నారట.

నా పాత కంప్యూటరుతో అది అయ్యే పని కాదు. అందుకే మా ఆయన సురేష్‌బాబు ప్రాణం తీసి, విశాఖపట్నం నుంచి కొత్త గ్రాఫిక్స్ కార్డు తెప్పించి, దానితో కొత్త కంప్యూటరు డబ్బా కట్టించాను. ముక్కలు అతికించి, రంగులు దిద్ది, వీడియోని ఒక్క ఫైలుగా తయారుచేసే బరువు పనంతా ఆ కార్డుదే.

రామ్మూర్తి అన్నయ్య లోకో పైలట్. ఇనప రాయి నింపిన గూడ్సుబండ్లని ఘాట్‌లో నడిపే మనిషి. ఆయనకి చుట్టరికం వేరు, పని వేరు.

"కొత్తది బాగా లాగుద్దని నువ్వంటే సరిపోదమ్మా. కొత్త ఇంజనొచ్చినా మేం ముందు ట్రయల్ సూస్తాం. ఒకే లోడు, ఒకే సెక్షను. కొత్తది గెలిస్తే పెళ్ళి సినిమా నీదే. నేకపోతే జగదల్‌పూర్ ఫోన్ సేసేస్తాను. మళ్ళీ ఏటీ అనుకోకు" అన్నాడు.

"సూడండి అన్నయ్యా, సూసే ఎల్లండి" అన్నాను.

లోడుగా శిరీష పసుపు కొట్టిన రోజు వీడియో పెట్టాను. పాత డబ్బా మూలన ఉంది. పక్క రేకు ఎప్పుడో ఊడదీశాం, ఎదురుగా టేబుల్ ఫ్యాను తిరుగుతుంటుంది. దాని పరువు అంతే. కొత్తది మాత్రం బల్ల మీద పెళ్ళికూతురిలా కూర్చుంది. బొట్టు పెట్టి, తన మంచి నేత కోక రెండు మడతలు వేసి చుట్టింది మా అత్త పోలమ్మ. ఇనప గనుల దుమ్ముతో కిరండూల్‌లో గాలే ఎర్రగా ఉంటుంది. తెల్ల చొక్కా ఆరేస్తే ఇటికరంగులో ఇంట్లోకి వస్తుంది. ఆ దుమ్ముకి భయపడి అత్త మా ఇంట్లో ఫ్రిజ్జుకీ టీవీకీ కుట్టుమిషనుకీ కోకలు కట్టేసింది. మేం ఊరెళ్ళిన రోజుల్లో మంచానికి కూడా కడుతుంది.

రెండూ ఒక్కసారే నొక్కాం. కొత్తది మొదట రివ్వున పరిగెత్తింది. నేను మా ఆయన వైపు గర్వంగా చూశాను. తర్వాత దాని ఫ్యాను గోల మొదలైంది. కష్టపడుతోంది పాపం అనుకున్నాను. అదేమో రానురానూ నీరసపడి కూలబడింది. మూలనున్న ముసలిది తన మానాన తాను నడుచుకుంటూ వెళ్ళి ముందుగా పని ముగించేసింది.

సురేష్‌బాబు చప్పట్లు కొట్టాడు. కట్టుకున్నవాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. తీగలు చూశాను, సెట్టింగులు చూశాను, విశాఖపట్నం కొట్టువాణ్ణి తిట్టాను. ఏ లోపమూ దొరకలేదు. అన్నయ్య ఫోను తీశాడు. నాకు ఏడుపొచ్చేసింది.

"దాని పెళ్ళికి నేను కుర్చీలో కూర్చుని సూడాలేటి అన్నయ్యా? ఇంకొక్కసారి ఆడించండి" అన్నాను. నా కళ్ళు చూసి ఆయన ఫోను బల్ల మీద పెట్టాడు.

అల్లుడి ఎదుట పడదు కాబట్టి అప్పటిదాకా తలుపు వెనకాలే నిలబడ్డ అత్త ఇక ఉండలేక లోపలికి వచ్చింది. కొత్తదాని మీది కోక విప్పేసి, తీసుకెళ్ళి పాతదానికి చుట్టింది. అడ్డంగా ఉందని టేబుల్ ఫ్యానుని గోడవైపు తిప్పేసింది.

"ఇదేటత్తా?" అన్నాను.

"గెలిసిందానికి కప్పాలి గదే! ఇన్నాళ్ళూ దాన్ని గాలికొదిలేశాం. నాకే సిగ్గేసింది" అంది.

విసుగ్గానే మళ్ళీ నొక్కాను. ఈసారి కొత్తది ఎక్కడా ఆగలేదు. కిక్కురుమనకుండా పని పూర్తి చేసేసింది. మూలనున్నది సగం దారికైనా రాలేదు, కోకలోంచి ఈల వేస్తూ మొత్తుకుంటోంది. అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. నేను వెళ్ళి ఆ కోక మీద చెయ్యి పెట్టాను. అప్పుడే దించిన అట్లపెనంలా ఉంది.

ఆ కోక నా కళ్ళెదుటే ఉంది. కానీ కోక కట్టని వస్తువే లేని ఇంట్లో అది నాకు కనబడనే లేదు. వేడి బయటికి పోక, ఊపిరాడకే కొత్తది ఓడిపోయింది.

అన్నయ్య పగలబడి నవ్వాడు. "బ్రేకులేసి ట్రయల్ నడిపేవా రత్నమాలా! సినిమా నీదే పో!"

నేను ఎగిరి గంతేశాను. తర్వాత అత్తని చూశాను. కోక ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుండిపోయింది.

"మనవరాలి సినిమా నా సేత్తో సెడగొట్టబోయేనేటే..." అంది. ఆ మాటతో నా ఉత్సాహమంతా చల్లారిపోయింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

పెళ్ళి రోజు షామియానా వెనక బల్ల వేసుకుని పని మొదలెట్టాను. రోడ్డు మీద లారీ వెళ్ళినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేచేది. అత్త వియ్యపురాళ్ళ మధ్య కూర్చోవలసిన మనిషి, అక్కణ్ణించి లేచి వచ్చేసింది. అదే కోకని రోడ్డువైపు రెండు గుంజలకి తెరలా కట్టి, విసనకర్ర పుచ్చుకుని డబ్బా పక్కన కూర్చుంది. నేను వద్దన్నా వినలేదు.

వడ్డన మొదలయ్యేసరికి తెర మీద శిరీష నవ్వింది. పందిరంతా ఈలలు. అన్నయ్య విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. పొద్దున కూతురి కాళ్ళకి పారాణి పెడుతుంటే తాను దొంగచాటుగా కళ్ళు తుడుచుకోవడం తెర మీద ఊరందరి ముందూ కనబడింది.

ఎంగిలి చేత్తో నా దగ్గరకి వచ్చాడు. "ఆ ముక్క తీసెయ్యమ్మా" అన్నాడు.

"తీస్తే మళ్ళీ మొదట్నించి నడపాలి అన్నయ్యా. ట్రయల్ పెట్టమంటారేటి?"

ఆయన మళ్ళీ తెరవైపు తిరిగాడు. "వద్దులే. ఉండనీ" అని వెళ్ళిపోయాడు.

సినిమా అయిపోయాక నేను స్విచ్చి ఆపాను. అత్త గుంజల మీంచి కోక విప్పి, దులిపి, చేతిలో పట్టుకుని నిలబడింది. దగ్గరకి రావడానికి మాత్రం జంకుతోంది.

"రత్నాలూ, ఇప్పుడు కప్పొచ్చేటే?"

"ఇప్పుడు కప్పు అత్తా. పొద్దున్నించీ కష్టపడింది. పడుకోనీ."

అత్త మొహం విచ్చుకుంది. కోక పరిచి, నాలుగు చెంగులూ కిందకి దోపి, పైన ఒకసారి మెల్లగా తట్టింది.