నాలుగడుగుల పల్లము

జ్యేష్ఠమాసావసానమున ప్రచండమార్తాండకిరణదగ్ధమై యేటిగర్భము నెఱ్ఱెలు విచ్చి వేడిగాడ్పు దుమ్మును దిక్కులకెల్ల విసరుచుండ ఆ పట్టణపు సంతవీధి నడ్డముగా కోసికొని పోవు ఇనుపబాటను రెండు నిలువుల యెత్తునకు లేపుటకై మట్టికట్ట పోయబడుచుండెను. రైలుబండి వీధితో సమముగా నడచినన్నాళ్లు మూసిన గేటుక్రింద జనులు దూరుటయు ఏటేట ఇద్దరు ముగ్గురు చక్రములక్రింద నలిగిపోవుటయు పరిపాటి యయ్యెను గాన కట్ట లేచుచున్నదని యెల్లవారును సంతసించిరి.

ఆ పనికి మేస్త్రి ఉప్పర గవరయ్య. కట్టకు ఏటివైపున నున్న పల్లపుపేటలో వాని గుడిసె. ఆ పేటవారి కొక యాచారము గలదు. వరద తీసిన తొలి శుక్రవారమున గంగమ్మరాతిపై నీరు తాకిన మేర పసుపుగీత గీసి మ్రొక్కుదురు. ఆ రాయి కట్టదారి కడ్డుపడగా జాతర చేసి కదల్ప వ్యవధి లేక గవరయ్య నడియెండలో వీధి నిర్మానుష్యమై యుండ నలుగురు కూలీలతో దానిని నాలుగడుగుల పల్లమునకు దొర్లించి నిలిపెను.

మరునాడు ఓవర్సీయరు వచ్చి "మేస్త్రీ! ఈ రాతిమీది పైగీత యేమి?" అని యడిగెను.

"పెద్దవరద గుర్తు బాబూ! ఇంతకు మించి యెన్నడును రాలేదు."

"ఇంతేనా! అట్లయిన వరదనీరు పోవుటకు కట్టక్రింద నాలుగు తూము లేల? రెండు చాలును" అని యాతడు కొలిచి వ్రాసికొని పోయెను.

గవరయ్య భార్య నూకాలు మట్టిగంప దించి "నోట మన్ను కొట్టుకొంటివా మామా? రాయితోపాటు గీతయు నాలుగడుగులు దిగినదని చెప్పవేమి?" అనెను.

"చెప్పిన, అమ్మవారిని దొంగవలె కదల్చినవాడను నేనే యని తెలిసి పేటవారు నా వీపు చీరుదురు. నోరు మూసికొని మోయవే."

"నీ వీపున కున్న విలువ మన గుడిసెకు లేకపోయె గదా!" అని యామె మరల గంప నెత్తుకొనెను.

రేపు చెప్పెద ననుకొనెను గవరయ్య. ఆ రేపు తూములు కట్టుటతో గడచెను. మరియొక రేపు కట్ట ముగియుటతో గడచెను.

శ్రావణమున మూడుదినము లెడతెగక కురిసిన కుంభవృష్టికి ఏరు పొంగి రెండు తూములును మ్రింగజాలని జలరాశి కట్టనానుకొని నిలిచి పల్లపుపేటపైకి మరలెను. నాలవనాటి యుదయమున గవరయ్య వృద్ధులను కట్టవాలునకు చేర్చి తిరిగి చూచునప్పటికి కడపటి గుడిసెలోని బాలింతను పడవ కప్పగించిన నూకాలు తాను పడవలో చోటు చాలక ఆ గుడిసెకప్పుపై నిలిచి యుండెను. వాడు గునపము గైకొని కట్టకు గండికొట్ట బూనెను. దిమ్మిసలతో తానే పొరపొరయు బిగించిన మట్టి పోటునకు పిడికెడు చొప్పున మాత్రమే రాలెను. అంతలో బండికూత వినవచ్చెను.

"విడువుము మామా! బండి వచ్చుచున్నది! అందరిని చంపెదవా?" అని నూకాలు కేకవేసెను.

ఎత్తిన గునపము ఎత్తినట్లే నిలిచెను. కప్పు కూలెను.

క్రొత్తకట్టపై మెల్లమెల్లగా సాగుచున్న బండికిటికీలనుండి దూరదేశపు యాత్రికులు ఆ యెఱ్ఱనీటిని ఏదియో పుణ్యనదిగా నెంచి చేతులు మోడ్చి రాగిడబ్బులు విసరుచుండిరి. అవి నూకాలు నిలిచిన చోట నొక్కొక్కటిగా మునిగిపోవుచుండెను.