జానెడు పక్కకు

రంగస్వామి నాపరాళ్ల వ్యాపారి. కొనే ముందు ప్రతి బండనూ వేలి మెటికతో తట్టి, చెవి ఒగ్గి వింటాడు. లోపల పగులుంటే రాయి మొద్దుగా పలుకుతుంది. అమ్మేవాడి మాట కన్నా ఆ మోతనే నమ్ముతాడు. మనుషుల్ని అలా తట్టి చూసే వీలు లేకపోవడమే అతనికి లోకంతో ఉన్న పేచీ.

కడప బయట, రాళ్ల గనుల పక్కన, కొందరు కలిసి వేసుకున్న గోల్ఫ్ మైదానం ఒకటుంది. పచ్చిక కన్నా ఎర్రమన్ను ఎక్కువ. మన్ను కింద అక్కడక్కడా బండ. అందుకే అక్కడొక కట్టుబాటు పెట్టుకున్నారు: బంతి కింద రాయి ఉందనిపిస్తే జానెడు పక్కకు జరుపుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

బెంగళూరు పోటీకి ఆ మైదానం నుంచి ఒక్కరే వెళ్లాలి. రంగస్వామా, ఓబులేషా అన్నది ఆదివారం ఆటలో తేలుతుంది. ఇంతవరకూ దేనికీ, ఎవరూ రంగస్వామిని ఏరుకోలేదు. ఈ ఒక్కసారి ఏరుకోవాలి.

ఆట నేర్పే మహిమ రోజూ ఒకే మాట చెప్పేది.

"కర్ర వెనక్కి తిప్పేటప్పుడు బాగుండాదన్నా. కిందికొచ్చేటప్పుడే నడుము లేస్తాండాది. నేలను చూసి జడుస్తాండావు."

"ఒకసారి బండకు తగిలి మోచెయ్యి పట్టేసిందమ్మా."

"మొదట బంతి, తర్వాతే నేల. బరువు ఎడమకాలి మీదికి రానీ. నువ్వు నేర్చుకునే ఈ జాగాలో లోతుగా మెత్తని మన్ను పోయించినా. నమ్మన్నా."

ఆ చివరి మాట వింటేనే అతని భుజాలు బిగుసుకునేవి. రాళ్లు అమ్మేవాళ్లందరూ అదే అంటారు. పైగా ఆమె ఓబులేష్‌తో నవ్వుతూ మాట్లాడటం చూశాడు. ఎవరి గురించి ఆ నవ్వు? కర్ర ఎత్తి ఒళ్లు తిప్పాలంటే వీపును వాళ్లకు అప్పగించాలి. వీపు వెనక ఏం జరుగుతోందో చూడాలని తల ముందే లేచేది. కర్ర బంతి నెత్తిన మాత్రమే తగిలి, అది నేల మీద పాకుతూ పోయేది.

శనివారం పొద్దున్నే గడ్డపార తెచ్చి ఆ జాగాలో దించాడు. మన్ను. ఇంకోచోట దించాడు. అక్కడా మన్నే.

"ఏందన్నా, బావి తవ్వుతాండావా?" వెనక నుంచి మహిమ.

"ఊరికేనమ్మా."

"రాయి తగిలిందా?"

"లే."

ఆమె నవ్వి, గుంటల్ని కాలితో పూడ్చింది. అతనికి ఊరట కలగాలి. కలగలేదు. తప్పు నేలలో లేకపోతే ఇక మిగిలేది తన ఒళ్లే.

ఆదివారం చివరి గుంత దాకా ఇద్దరూ సమానంగా వచ్చారు. రంగస్వామి బంతి ఎర్రమన్ను మీద ఆగింది. ఓబులేష్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"రంగప్పా, దాని కింద బండ ఉండాది. జానెడు జరుపుకో. ఇది మా చేనుగా ఉన్నప్పుడు, దున్నుతాంటే మా నాయన మడక విరిగింది ఈడనే."

రంగస్వామి అతని ముఖం చూశాడు. గెలవాల్సినవాడు ఎదుటివాడి మోచేతి గురించి దిగులు పడతాడా? బండ అనే మాట చెవిలో వేస్తే నా నడుము లేస్తుందని ఇతనికి తెలుసు. మహిమే చెప్పి ఉంటుంది.

జరపలేదు. కోపంతో కర్ర ఎత్తాడు. వీపు వాళ్లవైపు పూర్తిగా తిరిగింది. తిరిగితే తిరగనీ. బరువు ఎడమకాలి మీదికి దిగింది, నడుము లేవలేదు, తల కదల్లేదు. బంతి తగిలింది. ఆ వెంటనే నేల ఖంగుమంది. నిప్పురవ్వ లేచింది. మోచేతి దాకా జివ్వుమంటూ నొప్పి పాకింది.

తలెత్తేసరికి బంతి గుంతలో పాతిన జెండా పక్కన పడి ఆగుతోంది.

"అదన్నా! అదే నేను చెప్తాండేది!" మహిమ అరిచింది.

ఓబులేష్ కొట్టిన బంతి అంత దగ్గరికి రాలేకపోయింది. బెంగళూరుకు రంగస్వామే అని మహిమ అందరి ముందూ చెప్పింది.

"చెప్తిని గదప్పా బండుందని," అన్నాడు ఓబులేష్. "నా మాట ఇనవు. ఏదీ, మోచెయ్యి చూపీ."

రంగస్వామి చెయ్యి దాచుకున్నాడు. ఇతను నిజమే చెప్పాడు. ఎందుకు చెప్పాడు? నేను నమ్మనని తెలిసే చెప్పాడా? పోటీ నాటికి ఈ చెయ్యి లేస్తుందా?

ఓబులేష్ నవ్వి అతని వీపు తట్టాడు. రంగస్వామి కదలకుండా నిలబడ్డాడు. కొనేవాడు మెటికతో తట్టి, చెవి ఒగ్గి వింటున్నట్టు అనిపించింది.