తొమ్మిదో ప్రశ్నకు జవాబు

మధ్యాహ్నం పన్నెండు కాకముందే "అది సహజమేనండి" అన్న మాట జవాబులక్క నోట ముప్పై ఆరుసార్లు వచ్చింది. పక్క బల్ల దగ్గర బిల్లులు కొట్టే అమ్మాయి సరదాకి ఒక్కోసారికి ఒక్కో గీత గీస్తోంది.

"కళ్ళ కింద నల్లబడిందాండీ? ముక్కు ఆపరేషన్ తర్వాత అది సహజమేనండి. పది రోజుల్లో పోతుంది." "చెంప మొద్దుబారిందా? అది సహజమేనండి." చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. చెవికి తగిలించుకున్న ఫోన్ ఒత్తుకుని చెవి వెనక పుండు పడింది. మంచినీళ్ళకు లేవాలంటే ఆమె మేనేజరు వైపు చూడాలి, మేనేజరేమో గడియారం వైపు చూస్తాడు.

అందం అమ్మే ఆసుపత్రి అది. ముక్కు, పెదవి, పొట్ట, కనురెప్ప, ఎవరికి ఏది నచ్చకపోతే అది సరిచేస్తారు. పెద్ద డాక్టరు వారానికి రెండు రోజులొస్తాడు, కోస్తాడు, కుడతాడు, వెళ్ళిపోతాడు. కోతకు ముందు భయాలూ కోత తర్వాత బాధలూ వినడం జవాబులక్క వంతు. ఆమె ముందు అట్టకు అంటించిన కాగితం ఒకటుంటుంది. దాని మీద ఇరవై రెండు ప్రశ్నలు, ఇరవై రెండు జవాబులు. నొప్పి ఉంటుందా, మచ్చ కనబడుతుందా, తలస్నానం ఎప్పుడు చెయ్యొచ్చు, వాపు ఎన్నాళ్ళుంటుంది? ఎంత చదువుకున్నవాళ్ళయినా తిప్పి తిప్పి అవే అడుగుతారు. ఆ జవాబులు డాక్టరు రాశాడనుకునేరు. వాటిని రాసింది ఆసుపత్రి ప్రకటనలు రాసేవాడు.

ఉద్యోగంలో చేరిన రోజున మేనేజరు ఒక్కటే నియమం చెప్పాడు. "అక్కా, వాళ్ళు అడుగుతారు, మీరు చెబుతారు. అంతే. మీరు మాత్రం ఏమీ అడక్కండి. మనం అడిగామనుకోండి, వాళ్ళకి అనుమానం పుడుతుంది. అనుమానం పుట్టాక బేరం నిలవదు."

నిజానికి అడగడం ఆమెకు బాగా తెలిసిన పని. పదకొండేళ్ళు కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేసింది. మంచాల మీది మనుషుల్ని ఎత్తీ దించీ నడుం పోయాక, కూర్చుని చేసే పని ఇదొక్కటే దొరికింది. జీతం పన్నెండు వేలు. భర్తది గోడలకు రంగులేసే పని, వానలు పట్టుకుంటే ఇంట్లోనే ఉంటాడు. అందుకని చిలక పలుకులు నేర్చుకుని నోరు అదుపులో పెట్టుకుంది.

ముప్పై ఏడో ఫోన్ మోగింది.

"అక్కా, నేనూ... బట్టల షాపు, రెండో కౌంటరు. గుర్తున్నానా?"

గుర్తులేకేం? నెల కిందట ఐదుసార్లు ఫోన్ చేసిన మనిషి. ఇద్దరు పిల్లల తల్లి, తొమ్మిదేళ్ళుగా ఆ కౌంటర్లో నిలబడి బట్టలు చూపిస్తోంది. షాపు చేతులు మారింది. కొత్త యజమాని నడుం దగ్గర బిగుతుగా ఉండే యూనిఫాం కుట్టించి, అందులో పొట్ట కనబడేవాళ్ళంతా మేడమీది గోడౌన్‌లోకి పొమ్మన్నాడు. గోడౌన్‌లో జీతం సగం. ఇద్దరు బిడ్డల్ని మోసిన పొట్టదే తప్పయింది, చాలీచాలని గుడ్డతో యూనిఫాం కుట్టించిన పెద్దమనిషిది ఏ తప్పూ లేదు. పొట్ట కోయించుకుని అయినా కౌంటరు నిలబెట్టుకోవాలని ఆ తల్లి తాపత్రయం.

అప్పట్లో ఆమె అడిగినవన్నీ కాగితంలో ఉన్నవే. నొప్పి గురించి అడిగింది, కుట్ల గురించి అడిగింది. నాకోసం మా ఆయన ఒక్కరోజైనా అన్నం వండుతాడా, దానికేమైనా మందుందా అని నవ్వించింది కూడా. ప్రతిసారీ చివర్లో మాత్రం తొమ్మిదో ప్రశ్న దగ్గరికొచ్చేది. "నాకు నాలుగు రోజులే సెలవక్కా. ఐదో రోజు పనిలోకి పోవచ్చా? నిలబడే పని. కట్టలు ఎత్తాలి, దించాలి."

పాత కాగితంలో తొమ్మిదో జవాబు రెండు వాక్యాలు. నాలుగైదు రోజుల్లో మీ మామూలు పనులు మీరు చేసుకోవచ్చు అన్నది మొదటిది. బరువులెత్తే పనయితే ఆరు వారాలు ఆగాలి అన్నది రెండోది. ఆరు వారాలన్న మాట వినగానే సగం మంది ఫోన్ పెట్టేస్తున్నారని కొత్త కాగితంలో రెండో వాక్యం ఎత్తేశారు. ఆ వాక్యం జవాబులక్క నాలుక చివరిదాకా వచ్చేది. వెనక మేనేజరు నిలబడి వింటుండేవాడు. ఐదుసార్లూ ఆమె మొదటి వాక్యం చదివి ఊరుకుంది. ఆ తప్పు ఆమెది. కూటి కోసమే కావచ్చు, అయినా ఆమెదే.

"గుర్తున్నావమ్మా. ఎలా ఉన్నావు?" అంది ఇప్పుడు.

"బానే ఉన్నానక్కా. కుట్లు శుభ్రంగా ఉన్నాయి. మీరన్నట్టే నిన్న పనిలోకొచ్చేశా. చిన్న సందేహం, అంతే. కాలు వాచింది. వాపు మామూలే కదా? వాపుంటుందని మీరు ముందే చెప్పారు."

ఆమె వేలు దానంతటదే పదకొండో జవాబు మీదికి పోయింది. వాపు సహజం, మూడు వారాల్లో తగ్గుతుంది. చదవబోయి ఆగింది. కాగితం చెప్పే వాపు కోసిన చోట వచ్చే వాపు. వీళ్ళు కోసింది పొట్ట. వాచింది కాలు.

కాన్పుల ఆసుపత్రిలో ఒక ముసలి డాక్టరమ్మ ఉండేది. పొట్ట కోసి బిడ్డను తీసిన తల్లుల దగ్గరికి పొద్దున్నే వచ్చి, కుట్లకంటే ముందు పిక్కలు నొక్కి చూసేది. ఆవిడ రాని రోజున ఒక తల్లి పిక్క నొప్పంటే, పడుకుని పడుకుని పట్టేసిందిలే అని కొత్త నర్సు వదిలేసింది. ఆ తల్లి స్నానానికి లేచి గుమ్మం దగ్గరే కూలిపోయింది. పిక్కలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచింది జవాబులక్కే.

నియమం గుర్తుండగానే ఆమె అడిగేసింది. "ఒక కాలా, రెండూనా?"

"ఒక్కటే అక్కా. ఎడమది."

"పిక్క నొక్కితే నొప్పిగా ఉందా? వేడిగా ఉందా?"

"రాయిలా ఉందక్కా. వేడిగానే ఉంది. ఎందుకూ?"

"ఊపిరి బాగా ఆడుతోందా?"

అవతల చిన్న నవ్వు. "మెట్లెక్కితే ఆయాసమొస్తోంది. నాలుగు రోజులు కూర్చుని తిన్నాను కదా, ఒళ్ళు బద్ధకించింది."

జవాబులక్క చెయ్యెత్తి మేనేజరును పిలిచింది. "డాక్టరుగారికి కలపండి. పొట్ట ఆపరేషన్ ఆవిడ. ఒక కాలు వాచింది, ఆయాసంగా ఉందట."

"ఆయన వేరే ఊళ్ళో ఆపరేషన్‌లో ఉన్నారు," అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి. "పదకొండు చదవండి."

"పదకొండు దీనికి కాదు బాబూ."

"అక్కా, ఫోన్లన్నీ రికార్డవుతాయి. ప్రమాదం అన్న మాట మన నోటి నుంచి వచ్చిందా, రేపు అదే పట్టుకుని మన మీదికొస్తారు. సోమవారం వచ్చి చూపించుకోమనండి, చాలు."

అంటే ఇతనికీ తెలుసు. తెలియకపోతే రికార్డు మాట ఎందుకెత్తుతాడు? జవాబులక్కకు ఒళ్ళు మండిపోయింది.

"చెల్లీ, నా మాట విను," అంది ఫోన్‌లోకి. "ఉన్నపళంగా పెద్దాసుపత్రికి వెళ్ళు. ఇక్కడికి రాకు, ఇక్కడ డాక్టరు లేడు. పొట్ట ఆపరేషనయింది, కాలు వాచింది, ఊపిరి ఆడట్లేదు, ఈ మూడు ముక్కలూ చెప్పు. నడిచి వెళ్ళకు. ఎవరినైనా తోడు తీసుకో."

"ఇప్పుడా? అయ్యో, ఇప్పుడెలా కుదురుతుందక్కా? నిన్ననేగా వచ్చా. మళ్ళీ సెలవంటే గోడౌనే గతి. సాయంత్రం షాపు కట్టేశాక వెళ్తాలెండి."

"సాయంత్రం దాకా ఆగకు తల్లీ."

"మీరే కదక్కా చెప్పారు, ఐదో రోజుకి పనులు చేసుకోవచ్చని? ఐదుసార్లు అడిగా. ఐదుసార్లూ అదే అన్నారు. మీరంత గట్టిగా చెప్పబట్టే ధైర్యం చేశా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు, నమ్మకమే ఉంది. నెల కిందట తీయగా, తొణక్కుండా మాట్లాడిన జవాబులక్క గొంతే ఇవాళ ఆమెకు అడ్డుపడుతోంది.

"ఫోన్ ఇలా ఇవ్వండి, నేను మాట్లాడతా," అని మేనేజరు చెయ్యి చాచాడు.

"నేను చెప్పింది అబద్ధం," అంది జవాబులక్క.

గదంతా వినబడింది. బిల్లులమ్మాయి చేతిలో కలం ఆగిపోయింది. కుర్చీల్లో వంతు కోసం కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"సగమే చెప్పాను నీకు. బరువులెత్తేవాళ్ళు ఆరు వారాలు ఆగాలి. కాగితంలోంచి ఆ మాట తీసేశారు, తెలిసి తెలిసి నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు మాట నమ్మావుగా, ఈ రోజు మాట కూడా నమ్ము. బయల్దేరు."

"ఆరు వారాలా?" అంది అవతలి మనిషి. "మరి... ఆ రోజే చెప్పొచ్చు కదక్కా?"

జవాబులక్క బిల్లులమ్మాయి వైపు తిరిగి, "పొట్ట ఆపరేషన్ ఫైల్లో బట్టల షాపు చిరునామా ఉంటుంది, అంబులెన్సు పిలు," అంది. ఆ పిల్ల మేనేజరు మొహం ఒకసారి చూసి, ఫైళ్ళ బీరువా వైపు నడిచింది.

అంతలో ఫోన్‌లో మగ గొంతొకటి కేకేసింది, పై అరలో నీలం రంగు కట్ట దించమని. "వస్తున్నా సార్!" అంది రెండో కౌంటరు. "అక్కా, పెట్టేయకండి. ఇదొక్కటీ దించేసి వస్తా. వచ్చి వెళ్తాను, ఒట్టు."

"ఎక్కకు! చెల్లీ, ఎక్కకు!"

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, ఆ వెనకే నేల మీద నిచ్చెన ఈడ్చిన చప్పుడు.

మేనేజరు ఫోన్ తీగ పట్టుకున్నాడు. "ఉద్యోగం పోతుందక్కా. ఆలోచించుకోండి."

ఆమె తీగను అతని చేతిలోంచి లాగి తన మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. "ఆమెను దింపండి, ఎవరైనా ఆమెను దింపండి!" అని అరిచింది. అరిచి, ఊపిరి బిగబట్టి విన్నది. నిచ్చెన ఒకసారి కిర్రుమంది. ఇంకోసారి కిర్రుమంది. తర్వాత ఎవరో ఆగి, ఆయాసపడుతున్నట్టు వినిపించింది. తర్వాత మూడో మెట్టు.