ఐసుపెట్టెలో సూదిమందు

ఆ సందు మొదట్లో మొగుడూ పెళ్ళాం నడిపే ఒక ఐసు కొట్టు ఉంది. దిమ్మలు రంపంతో కోయడం ఆయన పని, బేరాలూ వెక్కిరింతలూ ఆవిడ పని. పేర్లు ఎవరికీ గుర్తులేవు. ఆయన ఐసు మామ, ఆవిడ అత్త. "మా ఆయన చెయ్యి పట్టుకుంటే చాలు, ఎండాకాలం నాకు ఫ్యాను అక్కర్లేదు" అని ఆవిడ అంటే కొట్టు ముందున్న వాళ్ళంతా నవ్వేవారు.

ఆ నవ్వు ఆ ఏడాది సన్నబడిపోయింది. మూత్రపిండాలు దెబ్బతిని అత్తకు ఒంట్లో రక్తం పట్టడం మానేసింది. వారానికొక సూదిమందు వెయ్యాలన్నారు డాక్టరుగారు. మందు ముందే నింపి వచ్చే సిరంజి అది. ఇంట్లోనే వేసుకోవచ్చు.

ఆసుపత్రిలో నర్సు మామకు ఓపిగ్గా నేర్పింది. పొట్ట మీద చర్మం ఎలా పట్టుకోవాలో, మందు ఎంత నెమ్మదిగా ఎక్కించాలో చూపించింది. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టొద్దంది, మందపాటి డబ్బాలో వెయ్యమంది. మామ అన్నీ తిరిగి అప్పజెప్పాడు.

"ఇక దాచడం సంగతి బాబాయ్. చల్లగా ఉంచాలి. ఎలాగంటే..."

మామ పకపకా నవ్వాడు. "చల్లగా ఉంచడం నాకా చెప్తున్నావు తల్లీ? చేపపిల్లకు ఈత నేర్పుతావా? ఐసు కొట్టు నాది!"

నర్సు కూడా నవ్వేసింది. వెనక వరుస చాంతాడంత ఉంది. మరొకరిని పిలిచింది.

అయ్యో, ఆ నవ్వు దగ్గరే కథ అడ్డం తిరిగింది. వాళ్ళకి ఫ్రిజ్ లేదు. మామ సిరంజీలను రేకు డబ్బాలో పెట్టి, ఐసుపెట్టె అడుగున పాతి, మీద గుప్పెడు గుప్పెడు ఉప్పు చల్లాడు. ఉప్పు పడితే ఐసు చలి ఇంకా పెరుగుతుందని ఆ వృత్తిలో అందరికీ తెలుసు. పెళ్ళాం ప్రాణం కాబట్టి చెయ్యి ఇంకాస్త ధారాళంగా ఆడింది.

వారం వారం గడ్డకట్టిన సిరంజిని అరచేతుల మధ్య కరిగించేవాడు. టానిక్కు సీసాలా బాగా కుదిపేవాడు. కరిగిన మందు నీళ్ళలా తేటగా ఉండేది. దానికేం తక్కువ?

"చల్లగా దిగి కాస్త మంటగా ఉందయ్యా" అంది అత్త ఒకసారి.

"ఐసువాడి పెళ్ళానివి, నీకు చలేంటే?"

"నిజమేలే" అని నవ్వి ఊరుకుంది. పాపం, ఆయన ముఖం చిన్నబోతుందని ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

రక్తం పెరగలేదు. డాక్టరుగారు మోతాదు పెంచారు. మామ ఉప్పు పెంచాడు. అత్త కొట్టు దాకా నడవడం మానేసింది, తర్వాత గుమ్మం దాకా రావడం మానేసింది. మాట్లాడితే ఆయాసం. బేరాలు మామే ఆడుకున్నాడు, వెక్కిరింతలు లేకుండా.

చివరికి ఆసుపత్రిలో చేర్చినప్పుడు మామ మిగిలిన సిరంజిని కూడా ఐసులో పెట్టి తెచ్చాడు. నర్సు డబ్బా తెరిచింది.

"బాబాయ్, ఇది గడ్డకట్టిందేంటి?"

"ఎప్పుడూ అంతేగా తల్లీ. కరిగించి, కుదిపి వేస్తున్నాను."

నర్సు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "గడ్డకడితే ఈ మందు పాడైపోతుంది బాబాయ్. మళ్ళీ కరిగినా పనికిరాదు. చూడ్డానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. కుదపనూ కూడదు. చల్లగా ఉండాలి, అంతే. ఐసు తగలకూడదు. అయ్యో, ఆ రోజు నేను చెప్పబోయాను..."

మామ డబ్బా అందుకుని అందులోని ఐసంతా నేల మీద కుమ్మరించాడు.

రక్తం ఎక్కించారు. మంచి మందు వేశారు. కానీ ఇన్నాళ్ళూ రక్తం చాలక కొట్టుకున్న గుండె అలసిపోయింది. అత్త మామ చేతిలో చెయ్యి పెట్టి కళ్ళు మూసింది. ఆయన చెయ్యి ఎప్పటిలాగే చల్లగా ఉంది.

"నేనే చంపుకున్నానా బాబూ?" అని అడిగాడు మామ.

డాక్టరుగారు అబద్ధం చెప్పలేదు. "మందు పనిచేసి ఉంటే తప్పకుండా బతికేదని చెప్పలేను. జబ్బు పెద్దదే. కానీ ఆ మందుకు పనిచేసే అవకాశమే దొరకలేదు."

కొట్టు చాలాకాలం మూతపడి మళ్ళీ తెరుచుకుంది. ఒకనాడు వీధి చివర దర్జీ కూతురు సంచి పట్టుకుని వచ్చింది. "మామా, అమ్మను ఊరికి తీసుకెళ్తున్నాం. ఆవిడ సూదిమందుకి ఐసు కావాలి. నిండా పొయ్యి. కాస్త ఉప్పు కూడా వెయ్యి."

మామ చేతిలో రంపం ఆగిపోయింది.

"గడ్డకట్టొచ్చో లేదో అడిగావా?"

"అడగలేదు మామా. చల్లగా ఉంచమన్నారు, అంతే."

"వెళ్ళి అడిగిరా. ఏ మందుకు ఎంత చల్లదనమో, దారిలో ఎలా పట్టుకెళ్ళాలో అన్నీ అడుగు. ఆ తర్వాతే ఐసు."

"వాళ్ళు విసుక్కుంటారు మామా."

మామ రంపం కింద పెట్టాడు. కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

"విసుక్కుంటే పడు తల్లీ. నాకు తెలుసులే అని నేను అడగలేదు. ఇతనికి తెలుసులే అని వాళ్ళూ చెప్పలేదు. మధ్యలో మీ అత్త పోయింది."